సముద్రం కంటే ముందు ట్యాంకులో దొరికింది

పగడం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఉంగరం. జాతకంలో కుజుడు బాగాలేడంటే వేలికి పెట్టుకునేది. లేదంటే అమ్మ మెళ్లో నల్లపూసల మధ్య ఎర్రగా మెరిసే పూస. ఈ వారం నేను చెప్పబోయేది దానికి దూరపు చుట్టం. వెచ్చగా, లోతు తక్కువగా ఉండే సముద్రంలో కొమ్మలుగా, బండలుగా పెరిగి దిబ్బలు కట్టే పగడం. చూస్తే మొక్క, ముట్టుకుంటే రాయి, తీరా పుస్తకం తెరిస్తే జంతువు! ఒక్కో కొమ్మ మీదా వందల కొద్దీ బుల్లి నోళ్లుంటాయి. వాటిని పాలిప్‌లు అంటారు. వాటి ఒంట్లో కంటికి ఆననంత చిన్న శైవలాలు కాపురం ఉంటాయి. ఎండని తిండిగా మార్చి, ఇంటద్దె కింద పగడానికి ఇస్తుంటాయి. అడుగున ఉన్న సున్నపురాయి పగడం సొంతంగా కట్టుకున్న ఇల్లు.

ఈ జంతువుకీ జబ్బులొస్తాయి. బోలెడు. చర్మం ఊడిపోయి తెల్లటి రాయి బయటపడే జబ్బు, నల్లటి పట్టీలా పాకుతూ పోయేది, గోధుమరంగు జిగురు కమ్మేసేది. వీటి గుట్టు విప్పడంలో యూనివర్సిటీ సైంటిస్టులకి, ఇంటి హాల్లో ట్యాంకు పెట్టుకున్న మామూలు మనుషులు సాయపడ్డారు. అదీ ఈ వారం ముచ్చట.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. భీమవరం వైపు రొయ్యల చెరువు చేసే రైతుని అడిగి చూడండి. పొద్దున్నే గట్టు మీదకెళ్లి చెక్ ట్రే పైకి లాగుతాడు. మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, ఒంటి మీద మచ్చ ఏమైనా ఉందా అని చూస్తాడు. ల్యాబ్ రిపోర్టు చేతికి రాకముందే ఏదో తేడా కొట్టిందని ఆయనకి తెలిసిపోతుంది. రోజూ చూసే కంటికి ఉండే బలం అది. మరి నడిసముద్రంలో దిబ్బని రోజూ చూసేదెవరు? సైంటిస్టు డైవింగుకి వెళ్లేది ఏడాదికి ఏ ఒకసారో రెండుసార్లో. పోయినసారి బాగుంది, ఈసారి చచ్చిపోయి ఉంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పే సాక్షి లేడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన కథ ఒక పురుగుది.

అక్రోపోరా అని కొమ్ముల్లా పెరిగే పగడాలుంటాయి. దిబ్బ కట్టడంలో పెద్ద మేస్త్రీలు. ఇళ్లలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టేవాళ్లకి వీటి మీద మహా మోజు. పెంచడం కష్టం కాబట్టి, పెంచినవాడు గొప్పోడన్నమాట. 2000 తర్వాత తొలి ఏళ్లలో అమెరికాలో చాలామంది ట్యాంకుల్లో అక్రోపోరాలు వెలిసిపోవడం మొదలైంది. నీళ్లు బాగున్నాయి, లైటు బాగుంది, ఉప్పు సరిపోయింది. అయినా కొమ్మ అడుగు నుంచి పాలిపోతూ పైకి వస్తోంది. కళ్లు చికిలించి చూస్తే ఒంటినిండా మిల్లీమీటరు సైజులో గుండ్రటి తెల్ల మచ్చలు. బుల్లి పంచింగ్ మెషిన్ పెట్టి నొక్కినట్టు.

ఆ కొమ్మని బయటికి తీసి, బకెట్లో పెట్టి, పిచికారీతో నీళ్లు గట్టిగా కొడితే అప్పుడు రాలాయి పురుగులు. ఉల్లిపొర ముక్కల్లా పల్చగా, బల్లపరుపుగా, అంచులు అల్లాడిస్తూ. అప్పటిదాకా అవి ఆ కొమ్మ మీదే ఉన్నాయి. ఎవరి కంటా పడలేదంతే. ఎలా పడతాయి? అవి పగడాన్ని తిని, అందులోని శైవలాలనీ రంగునీ పొట్టలో పెట్టుకుని తిరుగుతాయి. పల్చటి ఒంట్లోంచి ఆ రంగే బయటికి కనిపిస్తుంది. పగడం చర్మానికీ పురుగుకీ తేడా తెలియదు. తిన్నింటి రంగే వేసుకునే దొంగ!

దొంగతనం అక్కడితో ఆగలేదు. గుడ్లు పెట్టేది చచ్చిపోయిన భాగం మీద, చర్మం పోయి బయటపడ్డ రాతి మీద, లేత గోధుమ రంగు గుత్తులుగా. పగడాన్ని మందు కలిపిన నీళ్లలో ముంచితే పురుగులు రాలిపోతాయి గానీ గుడ్లు చెక్కుచెదరవు. కొన్నాళ్లకి మళ్లీ పిల్లలు, మళ్లీ మచ్చలు. అందుకని ట్యాంకులవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ ఒక పద్ధతి తయారు చేసుకున్నారు. ఒకసారి ముంచి ఊరుకోకూడదు. గుడ్లని గోకేయాలి, కొన్ని వారాలపాటు మళ్లీ మళ్లీ ముంచాలి. కొత్తగా కొన్న పగడాన్ని నేరుగా ట్యాంకులో పెట్టకుండా కొన్నాళ్లు వేరే తొట్టిలో ఉంచాలి. క్వారంటైన్ అనే మాట మనందరికీ 2020లో తెలిసింది, వీళ్లు అంతకు చాలా ముందే పాటించారు.

తమాషా ఏంటంటే, ఇంత వైద్యం నడుస్తున్నప్పుడు ఆ పురుగుకి సైన్సులో పేరే లేదు.

పేరు వచ్చింది 2011లో. కేట్ రాలిన్‌సన్ అనే జీవశాస్త్రవేత్త, మరో ముగ్గురితో కలిసి, ట్యాంకుల్లో దొరికిన పురుగుల్ని పరిశీలించి ‘అమకుసాప్లానా అక్రోపోరే’ అని నామకరణం చేసింది. ఆ ముగ్గురిలో ఒకాయన ఎరిక్ బోర్న్‌మన్. ఇళ్లలో పగడాలు పెంచేవాళ్ల కోసం 2001లోనే పెద్ద పుస్తకం రాసిన మనిషి. అంటే ట్యాంకుల లోకంలోంచి వచ్చినాయన పేరు, సైన్స్ పత్రికలో కొత్త జీవికి పేరు పెట్టిన వ్యాసం మీద ఉంది. నాకైతే ఈ సంగతి చదివినప్పుడు భలే సంతోషమేసింది. ఇప్పుడా పురుగు పేరు మళ్లీ మారి ‘ప్రోస్తియోస్టోమం అక్రోపోరే’ అయిందనుకోండి. సైంటిస్టులకి పేర్లు మార్చడం మామూలే.

అయితే అప్పటికీ అది ట్యాంకుల్లో మాత్రమే ఉన్న జీవి. సముద్రంలో ఎవరూ చూసినట్టు రికార్డు లేదు. నిందితుడు దొరికాడు, పేరు రాసుకున్నారు, సొంతూరు మాత్రం తెలియదు! మరుసటి ఏడాది, 2012లో, రాలిన్‌సన్, జెసికా స్టెల్లా కలిసి ఆ ఊరు కూడా చెప్పేశారు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో లిజార్డ్ ఐలాండ్ దగ్గర, అక్రోపోరా మీదే. సముద్రంలో దాన్ని చూసినట్టు వచ్చిన మొదటి రిపోర్టు అదే. మచ్చ ఎలా ఉంటుందో, గుడ్లు ఎక్కడ పెడుతుందో అప్పటికే తెలిసి ఉండకపోతే, అంత పెద్ద దిబ్బ మీద అంత చిన్న దొంగని పట్టడం అయ్యే పనేనా?

సముద్రంలో దాక్కున్న పురుగు ట్యాంకులో ఎందుకు బయటపడింది? సముద్రంలో దాన్ని తినేవాళ్లుంటారు. చేపలు, రొయ్యలు ఏరుకు తినేస్తాయి. గాజు గోడల మధ్య అలాంటి పోలీసులు లేరు. ఒకటి వచ్చిందంటే వంద అవుతుంది. ట్యాంకు ఒక భూతద్దం లాంటిదన్నమాట. సముద్రంలో కాస్త జరిగేది ఇక్కడ పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ పోలీసుల సంగతి కూడా ట్యాంకులవాళ్లు ఎప్పట్నుంచో చెప్తున్నదే. ఒంటి మీద ఆరు గీతలుండే సిక్స్‌లైన్ రాస్ అనే చేపని వేస్తే పురుగులు తగ్గుతాయని వాళ్ల నమ్మకం. ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పద్ధతిగా పరీక్షించి 2020లో ఫలితాలు వేశారు. చేప పురుగుల్ని బాగానే తింటుంది, గుడ్లని మాత్రం ముట్టదు. పెప్పర్‌మింట్ రొయ్య అని ఇంకొకటుంది, అది పురుగుల్నీ తింటుంది, గుడ్లనీ తింటుంది. ఇళ్లలో అనుకున్న మాటని ల్యాబ్ కొంత నిజమని, కొంత సరిపోదని తేల్చింది. నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది. ఇంట్లో చూసినవాడి మాట కొట్టేయకూడదు, అలాగని పరీక్షించకుండా ఒప్పుకోనూ కూడదు.

డాలస్‌లో మా పిన్ని కొడుకున్నాడు. సాఫ్ట్‌వేర్ పని, ట్యాంకు పిచ్చి. వాడు వీడియో కాల్ చేస్తే పిల్లల మొహాలకంటే ముందు పగడాలే కనిపిస్తాయి. ఒకరోజు మాత్రం మొహం వేలాడేసుకుని, ‘‘అక్కా, రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంది. పొద్దున్న చూస్తే ముద్దయిపోయింది’’ అన్నాడు. హామర్ కోరల్ అని, సుత్తి తలల్లాంటి చేతులతో ఊగుతుంటుంది. దాని మీద గోధుమరంగు జిగురు. వీళ్ల భాషలో ఆ జబ్బు పేరు బ్రౌన్ జెల్లీ. పక్కదానికి అంటుకోకుండా ఆ తలని విరిచి బయట పెట్టాడు. తర్వాత కూతురి మైక్రోస్కోప్ కింద ఆ జిగురు చుక్క పెట్టి నాకు చూపించాడు. బెజవాడ బస్టాండు పండగ రోజు ఎలా ఉంటుందో అలా ఉంది. కిక్కిరిసిపోయి పరుగెడుతున్నాయి.

అవి సీలియేట్లు. స్కూల్లో పారమీషియం బొమ్మ వేసి భాగాలు గుర్తించారు కదా, దాని బంధువులు. ఒంటి చుట్టూ సన్నటి వెంట్రుకలతో ఈదే ఏకకణ జీవులు. పగడం చర్మాన్ని తిని, లోపలి శైవలాలతో పొట్ట నింపుకుంటాయి. ఆ గోధుమరంగు దాదాపుగా వాటి పొట్టలోదే. సముద్రంలో బ్రౌన్ బ్యాండ్ అనే జబ్బులో కూడా కనిపించేది ఇలాంటి సీలియేట్లే. ఇప్పుడు అసలు ప్రశ్న: వీళ్లు హంతకులా, శవం మీద వాలిన రాబందులా? ముందు బ్యాక్టీరియా ఏదో దెబ్బకొడితే, తర్వాత ఇవి వచ్చి పడుతున్నాయా? ఈ వాదన ఇంకా నడుస్తోంది. బ్రిటన్‌లో మైకేల్ స్వీట్, రేచల్ జోన్స్, జాన్ బైథెల్ 2012లో ట్యాంకుల్లో వచ్చే పగడాల జబ్బుల్నీ సముద్రంలో వచ్చేవాటినీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశారు. ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, ఇద్దరూ ఒకే రోగిని చూస్తూ వేరే వేరే పేర్లతో పిలుస్తున్నారేమో అన్న అనుమానం. ట్యాంకులవాళ్లు గంటల్లో చర్మం ఊడిపోతే ఆర్‌టీఎన్ అంటారు, మెల్లగా పోతే ఎస్‌టీఎన్ అంటారు. సముద్రంలో దాదాపు అలాగే కనిపించేదాన్ని సైంటిస్టులు వైట్ సిండ్రోమ్ అంటారు. మనం జ్వరం అంటాం చూడండి, అది మలేరియానా, డెంగీనా, టైఫాయిడా అన్నది రక్తం చూస్తే గానీ తెలియదు. ఇవీ అలాంటి పేర్లే.

అందుకే మా తమ్ముడి ట్యాంకు కంటే వాడి నోట్‌బుక్ నాకు ముఖ్యంగా అనిపించింది. మూడేళ్లుగా రాస్తున్నాడు. తారీకు, నీటి వేడి, ఉప్పు, క్షారం, ఏ రోజు ఏ కొత్త పగడం వేశాడు, ఎక్కడ కొన్నాడు. పైగా ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, అదే లైటులో ఫొటో. జబ్బు చేశాక ఫొటో ఎవరైనా తీస్తారు. జబ్బు చేయకముందు, ఏ విశేషమూ లేని మామూలు ఆదివారం ఫొటో ఎంతమంది దగ్గరుంటుంది? మొదటి మచ్చ ఏ రోజు వచ్చింది, అంతకు ముందు వారం ఏం మారింది అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. సముద్రంలో సైంటిస్టుకి దొరకనిది సరిగ్గా ఇదే.

దొరక్కపోతే ఏమవుతుందో ఫ్లోరిడాలో చూశారు. 2014లో మయామి దగ్గర దిబ్బల మీద ఒక కొత్త జబ్బు కనిపించింది. రాతి పగడాల చర్మం ఊడిపోయే జబ్బు, పొట్టిగా ఎస్‌సీటీఎల్‌డీ అంటున్నారు. వందల ఏళ్లుగా పెరుగుతున్న పగడాన్ని కొన్ని వారాల్లో తెల్లటి రాయి చేసేస్తుంది. 20కి పైగా జాతులకి సోకింది. ఫ్లోరిడా దిబ్బల పొడవునా పాకి, జమైకా, మెక్సికో దాటి కరీబియన్ అంతా వ్యాపించింది. దానికి కారణమైన సూక్ష్మజీవి ఏదో ఇప్పటిదాకా గట్టిగా తేలలేదు. ఎక్కువగా దెబ్బతిన్నది పిల్లర్ కోరల్. స్తంభాల్లా నిలువుగా లేచే అందమైన పగడం. ఫ్లోరిడా సముద్రంలో అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

అప్పుడు చేసిన పని ఏంటో తెలుసా? జబ్బు ఇంకా చేరని చోట్లకి ముందుగానే వెళ్లి, ఆరోగ్యంగా ఉన్న పగడాల్ని సుమారు 2,000 దాకా తవ్వి తీసి, దేశమంతా ఉన్న జూలకీ అక్వేరియంలకీ పంపేశారు. వాటిలో సముద్రం ఊసే లేని నెబ్రాస్కా, కొలరాడో కూడా ఉన్నాయి. పంటకి తెగులొస్తే విత్తనం గింజలు వేరే ఊళ్లో దాచినట్టు. ప్యాకెట్ ఉప్పుతో కలిపిన నీళ్లలో, ఎల్‌ఈడీ లైట్ల కింద, కాల్షియం చుక్కలు వేస్తూ పగడాన్ని ఏళ్ల తరబడి బతికించవచ్చన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? అందులో పెద్ద వాటా, దశాబ్దాలుగా ఇళ్లలో పగడాలు చంపుకుంటూ, బతికించుకుంటూ నేర్చుకున్నవాళ్లదే.

బతికించడమే కాదు, పిల్లల్ని కూడా కనిపించారు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ అనే ఆయన ట్యాంకులో సూర్యోదయం, వెన్నెల, ఏడాది పొడవునా మారే నీటి వేడి, అన్నీ సముద్రంలో ఉన్నట్టే కల్పించి అక్రోపోరాలు గుడ్లు విడిచేలా చేశాడు. 2017లో ఆ పద్ధతి ప్రచురించాడు. పగడాలు పౌర్ణమి లెక్కలు చూసుకుని గుడ్లు వదులుతాయి మరి, ముహూర్తం కుదరాలి. ఆ బృందం సాయంతో ఫ్లోరిడా అక్వేరియం వాళ్లు 2019 ఆగస్టులో పిల్లర్ కోరల్ చేత ట్యాంకులో గుడ్లు పెట్టించారు. అట్లాంటిక్ పగడంతో అలా చేయించడం అదే మొదలు.

ఇంతవరకు విని ట్యాంకులవాళ్లంతా దేవుళ్లనుకోకండి. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించిన లయన్ ఫిష్ అక్కడి చేప కాదు. మన హిందూ, పసిఫిక్ సముద్రాలది. ఎవరో ట్యాంకు ఖాళీ చేసి సముద్రంలో వదిలేసి ఉంటారన్నదే బలమైన లెక్క. ఇప్పుడు కరీబియన్ అంతా అదే మేస్తోంది. పైన చెప్పిన బల్లపరుపు పురుగు కూడా ఇలా కొత్త సముద్రాల్లోకి పోతే ఏం కాను అని 2014లోనే సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు హెచ్చరించారు. ఇక యాంటిబయాటిక్ సంగతి. ఫ్లోరిడాలో డైవర్లు అనుమతి తీసుకుని, అమాక్సిసిలిన్ కలిపిన పేస్టుని పగడం గాయం మీద పూస్తున్నారు. పూసిన చోట గాయం చాలావరకు ఆగుతుంది, కానీ కొన్నాళ్లకి ఇంకోచోట కొత్తది లేస్తుంది. అది చూసి ఇంట్లో ట్యాంకులో బిళ్లలు నూరి పోసేవాళ్లున్నారు. దగ్గు వస్తే మెడికల్ షాపుకెళ్లి అజిత్రోమైసిన్ అడిగే మనకి ఈ అలవాటు కొత్తగా అనిపించదేమో. ఆ నీళ్లు చివరికి పోయేది డ్రైనేజీలోకే. మందుకి లొంగని బ్యాక్టీరియా తయారవడానికి ఇంతకంటే మంచి నర్సరీ ఉండదు.

ఇది చదివి ఇక్కడ పగడం కొనడానికి బయల్దేరేవాళ్లకి ఒక మాట. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే. సముద్రంలోంచి తీసినా, అమ్మినా, కొన్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. దుకాణంవాడు ‘‘ఏం కాదు సార్, అందరూ కొంటున్నారు’’ అంటాడు. జైలుకి మీతోపాటు రాడు.

పగడం లేకుండానే మీరు చేయగలిగింది ఒకటుంది. హనీమూన్ అనో, ఆఫీసు ట్రిప్ అనో మనవాళ్లు అండమాన్ బాగా వెళ్తున్నారు. మళ్లీ గుర్తు చేస్తున్నా, అక్కడి పగడాల్ని రోజూ చూసే సైంటిస్టు లేడు. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో కోరల్‌వాచ్ అని 2002 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఉంది. వాళ్లు రంగుల కార్డు ఒకటిస్తారు, నీళ్లలో తడవనిది. పగడం పక్కన పెట్టి, దాని లేతరంగు ఎంత, ముదురు రంగు ఎంత అని ఒకటి నుంచి ఆరు దాకా అంకె చూసి వాళ్లకి పంపడమే. జబ్బు పేరు చెప్పక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. కార్డు లేకపోయినా ఫొటో తీస్తే తారీకు, చోటు ఫోన్లో రికార్డయ్యేలా పెట్టుకోండి. బాగా ఉన్న పగడాన్ని కూడా తీయండి, తెల్లబడిందాన్నే కాదు. లైఫ్ జాకెట్ వేసుకుని తేలుతూ తీయండి. అలసిపోతే బోటు పట్టుకోండి గానీ, పగడం మీద మాత్రం నిలబడకండి.